నొప్పిని చెప్పులతో పాటు బయట విడవొద్దు

నేను ఉద్యోగంలో చేరిన రోజు నాకు అప్పజెప్పిన పని మూడు ముక్కలు. తలుపు తెరవాలి, పేరు పిలవాలి, తలుపు మూయాలి. కర్నూలులో ఒక ఎముకల ఆసుపత్రిలో, పెద్ద డాక్టరు గారి గది ముందు ఇరవై ఆరేళ్లు ఆ పని చేశాను. ఆసుపత్రి పేరు రాయను. రాస్తే, నేను ప్రస్తావించిన వాళ్లు ఎందుకు రాశావని, ప్రస్తావించని వాళ్లు ఎందుకు రాయలేదని ఇంటికి వస్తారు. మా ఇంట్లో ఉన్నవి రెండే కుర్చీలు.

నా పేరు హుసేనమ్మ. పేషంట్లకు ఆయమ్మను. పని మానేసి రెండేళ్లయింది. నా తరువాత ఆ తలుపు దగ్గర చేరిన అమ్మాయి పోయిన నెల ఇంటికి వచ్చి, "ఆయమ్మా, పొద్దున్నించి నిలబడేదే గానీ ఆడ నేను చేసే పని ఏందో నాకు అర్థం కాలేదు. వాళ్లు పోతాండారు, వస్తాండారు, అంతే గదా" అంది. అంతే కాదని చెప్పబోయాను. మొదలుపెడితే ఆమె బస్సు తప్పిపోయేలా ఉంది. అందుకని రాస్తున్నాను. ఆమెకే కాదు, ఆ బెంచీ మీద నడుము పట్టుకుని కూర్చునే వాళ్లకు కూడా.

ఎనిమిది అడుగులు

బయట బెంచీకీ లోపల డాక్టరు ముందుండే స్టూలుకూ మధ్య దూరం ఎనిమిది అడుగులు. నా సర్వీసులో నేను చూసిన పెద్ద వైద్యం ఆ ఎనిమిది అడుగుల్లోనే జరిగేది. బెంచీ మీద ప్రాణం పోతోందని ఏడ్చిన మనిషికి స్టూలు దగ్గరకు చేరేసరికి నయమైపోయేది. తిరిగి బయటికి వచ్చాక మళ్లీ జబ్బు వచ్చేది.

ఓర్వకల్లు దగ్గర పల్లె నుంచి రామక్క అని ఒకామె వచ్చింది. కూర్చోలేదు. కిటికీ ఊచ పట్టుకుని నిలబడే ఉంది. అడగకుండానే నాకు అంతా చెప్పింది.

"పిరుదు కాడ నుంచి మడమ దాకా ఇనప తీగ పెట్టి గుంజినట్ల ఉండాది ఆయమ్మా. దగ్గు వస్తే ఆ తీగకు కరెంటు పెట్టినట్లే. బస్సులో గూడా నిలబడే వచ్చినా. కండక్టరు సీటు చూపిచ్చినా కూర్చోలేదని నన్ను పిచ్చిదాన్ని చూసినట్ల చూసినాడు."

ఇంతలో ఆమె పేరు వచ్చింది. రామక్క కొంగు సర్దుకుంది. జుట్టు నిమురుకుంది. చెప్పులు గుమ్మం పక్కన జతగా విడిచింది. పెళ్లికి పోయేదానిలాగా నిటారుగా లోపలికి నడిచింది.

"ఏమ్మా, ఎట్లుండావు?" అన్నాడు సారు, కాగితాల్లోంచి తల ఎత్తకుండా.

"బాగుండా సార్. మీరు బాగుండారా?"

"నొప్పి ఎక్కడ?"

"ఈడ్నే సార్. రవ్వంత."

సారు రవ్వంత నొప్పికి సరిపోయే మాత్రలు రాశాడు. రామక్క దండం పెట్టి బయటికి వచ్చి, చెప్పులు తొడుక్కుని, గోడ పట్టుకుని వంగిపోయింది.

"నాకు చెప్పిండేది లోపల ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను.

"పాపం, పొద్దున్నించి అందరి నొప్పులూ ఇంటాండాడు పెద్దాయన. నాది గూడా ఆయన నెత్తిన యాడ ఏసేది?"

ఆమె అబద్ధం ఆడలేదు. మన వైపు మనుషుల మర్యాద అది. పెద్దవాళ్లు ఎట్లున్నావని అడిగితే బాగున్నానని చెప్పాలి, మన గోడు వాళ్ల ముందు పరవకూడదు. ఇంటికి వచ్చిన చుట్టం దగ్గర అది చక్కని పద్ధతి. ఎముకల డాక్టరు దగ్గర అంత పనికిమాలిన పద్ధతి ఇంకోటి లేదు. చెప్పులు బయట విడవాలి, నిజమే. చాలామంది చెప్పులతో పాటు నొప్పిని కూడా అక్కడే విడిచి లోపలికి పోతారు. పోయేటప్పుడు రెండూ తొడుక్కుని పోతారు.

ఆ రోజు నేను రామక్క చేయి పట్టుకుని మళ్లీ లోపలికి తీసుకుపోయాను. "సార్, ఈమె బయట ఒగ మాదిరి చెప్పింది, లోపల ఒగ మాదిరి చెప్పింది" అన్నాను.

సారుకు కోపం వచ్చింది. "ఆయమ్మా, నువ్వేమన్నా డాక్టరువా?"

"కాదు సార్. తలుపు కాడ మనిషిని. నాకు రెండు పక్కలా ఇనపడతాది."

సారు అప్పుడు కాగితాల్లోంచి తల ఎత్తాడు. తరువాత రామక్కను పడుకోబెట్టమన్నాడు. కాలు ఎత్తి చూశాక ఆ చీటీ చింపి ఇంకో చీటీ రాశాడు. అప్పటి నుంచి తలుపు తెరిచే ముందు ప్రతి ఒక్కరికీ ఒక మాట చెప్పేదాన్ని. బాగోగులు తరువాత, ముందు తీగ సంగతి చెప్పు. నా పని ఇదని ఎవరూ నాకు చెప్పలేదు. కానీ నా పని ఇదే.

బావమరిది నడుము

ఇది నా తప్పు. సారు తప్పు కూడా కొంత ఉంది. ముందు నాది చెబుతాను.

అప్పటికి నాకు చదువు రాదు. హెడ్ సిస్టరు మేరమ్మ చీటీలు వరుసగా ఒకసారి చదివి వినిపిస్తే, పేర్లు మనసులో పెట్టుకుని పిలిచేదాన్ని. ఎర్రగుంట్ల నుంచి ఓబులేసు అని సిమెంటు లారీ డ్రైవరు వచ్చాడు. ఓబులేసూ అని పిలిస్తే ఇద్దరు మగవాళ్లు లేచారు. ఒకడు ఓబులేసు, రెండోవాడు అతని బావమరిది. ఎవరు ఎవరో నాకు తెలియదు. అడగాలని తోచలేదు.

లోపలికి పోగానే బావమరిది అందుకున్నాడు. ఆ మనిషికి మాట మీద మంచి పట్టు ఉంది. లారీ గుంతలో దిగితే నడుము ఎట్లా కలుక్కుమంటుందో చేసి చూపించాడు. క్లచ్ తొక్కితే కాలు ఎట్లా లాగుతుందో చేసి చూపించాడు. మూలిగి కూడా చూపించాడు. అసలు ఓబులేసు గోడకు ఆనుకుని, తన నొప్పిని ఇంత బాగా చెప్పేవాడు దొరికినందుకు తృప్తిగా చూస్తున్నాడు.

సారు ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చూస్తూ, "ఆయమ్మా, పడుకోబెట్టు" అన్నాడు.

నేను మూలుగుతున్న వాణ్ని పడుకోబెట్టాను.

సారు కాలు ఎత్తాడు. "నొప్పి ఉందా?"

"శానా సార్" అన్నాడు బావమరిది.

నడుము మీద నొక్కాడు. "ఇక్కడ?"

"ఆడ్నే సార్, సరిగ్గా ఆడ్నే."

సారు సూది తెమ్మన్నాడు. సూది పడింది. బావమరిది పళ్లు బిగబట్టాడు గానీ నోరు మెదపలేదు. బయటికి వచ్చాక నేను నడుము బెల్టు తెచ్చి అతనికి కడుతుంటే, గోడ దగ్గరున్న మనిషి నెమ్మదిగా అడిగాడు.

"ఆయమ్మా, మరి నాకు?"

నా చేతిలో బెల్టు చేతిలోనే ఉండిపోయింది.

"నొప్పి ఎవరికి మీలో?"

"నాకే. లారీ తోలేది నేను" అన్నాడు ఓబులేసు.

"మరి నువ్వెందుకప్పా పడుకున్నావు?" అని బావమరిదిని అడిగాను.

"నువ్వు పడుకోబెడితివి. పండుకుంటి."

"సూది ఏసేటప్పుడైనా చెప్పాల్నా వద్దా?"

"అంత పెద్ద డాక్టరు సూది పట్టుకుని మీదికి వస్తాంటే వద్దని ఎట్ల చెప్పేది ఆయమ్మా? బాగుండదు గదా."

ఓబులేసు బావమరిది వీపు తట్టాడు. "పోనీలే. సూది బయటోళ్లకు పోలేదు, ఇంట్లోనే పడింది."

లోపలికి పోయి సారుకు చెప్పాను. ఆయన నన్ను ఒకటి తిట్టి, తనను తాను రెండు తిట్టుకున్నాడు. బావమరిదిని గంటసేపు బెంచీ మీద కూర్చోబెట్టి, ఏమీ కాలేదని తేల్చుకుని పంపాడు. వారం తరువాత ఓబులేసుతో అతనూ వచ్చాడు. "ఆ సూది శానా మంచిది సార్, నాకు మెడ నొప్పి గూడా ఇడిసింది" అన్నాడు. సారు అతని వైపు చూడకుండా, "ఆయమ్మా, ఇతన్ని బయట నిలబెట్టు" అన్నాడు.

అప్పటి నుంచి మా గదిలో ఒక పద్ధతి పెట్టుకున్నాం. నొప్పి ఉన్నవాడు స్టూలు మీద. తోడు వచ్చినవాడు వెనక. మొదటి మాట స్టూలు మీద నుంచే రావాలి. తోడు మనిషి వద్దని నేను అనను. డాక్టరు చెప్పేదాంట్లో సగం మన చెవిన పడదు, ఆ సగం వినడానికి ఇంకో మనిషి ఉండాలి. చెవులు తెచ్చుకుంటే చాలు.

ఇంకో సంగతి. ఆ సాయంత్రం మేరమ్మ సిస్టరు, "ఇంగ నువ్వు చీటీ చదవడం నేర్చుకోవాల్సిందే హుసేనమ్మా" అంది. అప్పటికి నాకు నలభై తొమ్మిదేళ్లు. అన్నం తిన్నాక బెంచీ మీద పాత చీటీలు పెట్టుకుని కూర్చునేవాళ్లం. అందుకే నాకు మొదట వచ్చిన మాటలు అమ్మ, ఆవు కాదు. ఓబులేసు, ఎడమ, కుడి, నడుము.

శెట్టిగారి బేరం

మా సారు ఏదో మీటింగుకు పోయి వచ్చి కొత్త అలవాటు ఒకటి తెచ్చాడు. నొప్పి పదికి ఎంత అని అడగడం. ఏమీ లేకపోతే సున్నా, భరించలేకపోతే పది. చదువుకున్న వాళ్లకు అది సులువేమో. మా బెంచీ మీది వాళ్లకు అది సంత అయింది.

బనగానపల్లెలో కిరాణా అంగడి నడిపే శెట్టిగారు ఒకాయన ఉండేవాడు. రోజంతా గల్లా వెనక మఠం వేసుకుని కూర్చునే మనిషి.

"పదికి ఎంత?" అన్నాడు సారు.

"మీరే చెప్పండి సార్. మీకు తెలియందా?"

"నొప్పి నీది శెట్టీ, నేనెట్ల చెప్పేది?"

"మామూలుగా జనం ఎంత చెప్తాండారు?"

"ఒకరు ఐదంటారు, ఒకరు ఎనిమిదంటారు."

"అయితే నాకు మూడు ఏసుకోండి."

"మూడైతే మాత్రలు చాలు."

"మాత్రలు అయిపోయినాయి సార్, గుణం లేదు. నాలుగు చేసుకోండి."

"నాలుగుకూ మాత్రలే."

శెట్టిగారు ముందుకు వంగాడు. "స్కానింగు ఎంత కాడ నుంచి మొదలు సార్?"

"ఏడు అనుకో."

"ఏడు మరీ ఎక్కువ. ఐదున్నర కాడ తెంపుదాం."

సారు పెన్ను బల్ల మీద పెట్టేశాడు. ఆయన ఓపిక అయిపోయిందని నాకు తెలిసింది. శెట్టిగారి కుడిచేయి మాత్రం బల్ల అంచును ఎంత గట్టిగా పట్టుకుందంటే గోళ్లు తెల్లబడ్డాయి. అది సారుకు కనిపించడం లేదు, నాకు కనిపిస్తోంది.

"శెట్టిగారూ, అంగట్లో చక్కెర మూటలు ఇప్పుడు ఎవరు దించుతాండారు?" అని అడిగాను.

"నేను దించి ఆర్నెల్లయింది ఆయమ్మా. పనోడే."

"కాటా కాడ?"

"ఆడ నిలబడి ఒగ కిలో కందిబ్యాళ్లు తూచేలోగా రెండుసార్లు కూర్చుంటా. గిరాకీ వాళ్లు నవ్వుతాండారు."

"రాత్రి పక్క మీద?"

"పక్క యాడిది? గోడకు ఆనుకునే నిద్ర."

సారు మళ్లీ పెన్ను తీసుకున్నాడు. ఈసారి చాలా రాశాడు. స్కానింగు కూడా రాశాడు. తరువాత మూడు వారాలు గల్లా దగ్గర కూర్చోవద్దన్నాడు. శెట్టిగారు దాన్ని పదకొండు రోజులకు తెచ్చాడు. అది వేరే కథ.

అంకెతో నొప్పిని చెప్పలేం. పనితో చెప్పగలం. నిన్నటిదాకా చేసిన ఏ పని ఈ రోజు చేయలేకపోతున్నావో అది చెబితే, ఎంత తొందరలో ఉన్న డాక్టరైనా ఆగుతాడు. ఎంత సేపు నిలబడగలవు, ఎంత దూరం నడవగలవు, ఏది ఎత్తలేవు. ఇవి తయారుగా ఉంచుకోవాలి.

పెద్ద సారు గురించి

ఆయన మంచి డాక్టరు. ఓపిక తక్కువ. మనిషికి మూడు నిమిషాలు ఇచ్చేవాడు, అందులో రెండు ఎక్స్‌రేకు పోయేవి. మొహం చూడటం ఆయనకు చివరి పని. ఎండాకాలంలో బనగానపల్లె మామిడిపండ్ల బుట్టతో వచ్చిన వాళ్లకు పది నిమిషాలు దొరికేవి. అయితే ఆ పది నిమిషాలూ మామిడిపండ్ల గురించే మాట్లాడేవాడు. కాబట్టి కొత్తగా వచ్చే పేషంట్లకు నా సలహా, పండ్లు పోయేటప్పుడు ఇవ్వండి.

ఒక గుణం మాత్రం గొప్పది. తప్పు చూపిస్తే ఆ రోజు అరిచేవాడు, మరుసటి రోజు వినేవాడు. చాలామంది డాక్టర్లకు ఆ రెండో రోజు ఉండదు.

ఆయన నాకు నేర్పింది ఒకటి ఉంది, ఈ పనిలో చేరేవాళ్లు దాన్ని మరిచిపోకూడదు. "నడుము నొప్పి శానా మందికి కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గుతాది హుసేనమ్మా. కానీ ఒంటికి పోయేది తెలియకపోయినా, ఆగిపోయినా, కూర్చునే చోట మొద్దుబారినా, కాలు మాట వినకపోయినా లైను లేదు, నంబరు లేదు. నేరుగా లోపలికి తోసెయ్" అన్నాడు. మన ఆడవాళ్లు ఈ సంగతులు మొగుడికి కూడా చెప్పరు. అందుకని చెవి దగ్గర నోరు పెట్టి నేనే అడిగేదాన్ని. కొంతమంది సిగ్గుపడ్డారు, ఒకామె చేయి విసిరింది. అడగడం మానలేదు.

నా వంతు

ఇంత తెలిసిన మనిషి తన వంతు వచ్చినప్పుడు ఏం చేసిందో చెప్పకపోతే ఇదంతా రాసి ప్రయోజనం లేదు.

ఇరవై రెండేళ్లు పేషంట్లను లేపి పడుకోబెట్టిన నడుము. మొదట నొప్పి, తరువాత కుడికాలు పొడుగునా మంట. ఒకరోజు ర్యాంపు మీద నడుస్తుంటే వెనక నుంచి ఎవరో, "ఆయమ్మా, నీ చెప్పు ఆడ పడిపోయింది సూడు" అన్నారు. చూస్తే కుడికాలికి చెప్పు లేదు. పది అడుగులు ఉత్త కాలితో నడిచాను, సిమెంటు మండుతోంది, నాకు తెలియలేదు.

కాలు మాట వినకపోతే లైను లేదు, నంబరు లేదు. నేనే వందల మందిని లోపలికి తోశాను. నన్ను తోయడానికి తలుపు దగ్గర ఎవరూ లేరు, అక్కడ ఉన్నది నేనే కదా.

రెండు రోజుల తరువాత సారు పోతూ పోతూ అడిగాడు. "ఏం హుసేనమ్మా, కుంటుతాండావు?"

"ఏం లేదు సార్. కొత్త చెప్పులు."

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. నడుము నొప్పి అని మాత్రం ఇంకో రోజు చెప్పాను, పూత మందు, మాత్రలు రాశాడు. మేరమ్మ సిస్టరు ఊరుకోలేదు. నా పేరుతో చీటీ రాసి పద్నాలుగో నంబరు చేసింది. పదమూడో నంబరు బయటికి వచ్చాక నేను చీటీ తీసి చదివాను. "హుసేనమ్మా" అని గట్టిగా పిలిచాను. బెంచీ మీద ఎవరూ లేవలేదు. రెండోసారి పిలిచాను. మన పద్ధతి ప్రకారం రెండుసార్లు పిలిచినా రాకపోతే తరువాతి నంబరు పోతుంది. పదిహేనును లోపలికి పంపాను.

బెంచీ మీది వాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వితే నడుము కలుక్కుమంది.

తరువాత కడపలో మా అక్క ఇంటికి పోయి, అక్కడ నన్ను ఎరగని ఒక ఆసుపత్రిలో చూపించుకున్నాను. తోడు మా ఆయన నాగన్న. చిన్న డాక్టరు ఏం బాధ అని అడగగానే నాగన్న అందుకున్నాడు. "వయసు సార్. పనేం కష్టం గాదు, ఊరికే తలుపు కాడ నిలబడేదే." డాక్టరు నిలబడటం తగ్గించమని, బరువు తగ్గమని చెప్పాడు. నేను కొంగు సర్దుకుని దండం పెట్టి వచ్చాను.

కర్నూలు బస్సు మైదుకూరు దాటాక ఆయన్ను తిట్టడం మొదలుపెట్టాను.  ఆళ్లగడ్డ దాకా ఆపలేదు.

"అయిపోయిందా?" అన్నాడు అప్పుడు. "నేను తప్పు చెప్పినా, ఒప్పుకుంటా. నువ్వు ఎందుకు చెప్పల్యా? ఇన్నేండ్లు ఊర్లో వాళ్లందరికీ నోరు తెరవమని చెప్తివి. నీ నోరు యాడ పెట్టొచ్చినావు?"

నంద్యాలలో బస్సు ఆగింది.  ఆయన పల్లీలు కొని నాకు సగం పెట్టాడు.

కాగితం

మరుసటి రోజు నోటుబుక్కులోంచి కాగితం చింపి రాయడం మొదలుపెట్టాను. నాకు రాయడం చదవడం కంటే నెమ్మది. రెండు రోజులు పట్టింది. కుడికాలి చెప్పు జారితే తెలియడం లేదు, రెండు నెలలు. కుక్కరు మూడు విజిళ్లు వచ్చేదాకా నిలబడలేను, రెండో విజిలుకే కూర్చుంటాను. మెట్టు ఎక్కేటప్పుడు బొటనవేలు తగిలి మూడుసార్లు పడ్డాను. పూత మందు, మాత్రలు ఆరు వారాలు, తగ్గలేదు. ఒంటికి పోయేది తెలుస్తోంది, సరిగ్గానే పోతోంది.

నాగన్న భుజం మీద నుంచి చూసి, "అది గూడా రాస్తావా?" అన్నాడు.

"ఆయన మొదట అడిగేది అదే" అన్నాను.

అడుగున మూడు ప్రశ్నలు రాసుకున్నాను.

ఆ రోజు తలుపు దగ్గర మేరమ్మ సిస్టరు నిలబడింది. నా పేరు ఒక్కసారే పిలిచింది, చేత్తో తోసింది. నేను స్టూలు మీద కూర్చున్నాను. నాగన్న వెనక నిలబడి నోరు తెరిచాడు. తిరిగి చూశాను. నోరు మూసి సంచీని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఏంది హుసేనమ్మా, నువ్వు కూర్చున్నావు?" అన్నాడు సారు.

"ఈ పొద్దు నేను పేషంటును సార్. రాసుకొచ్చినా."

ఆయన చేయి చాపాడు. "ఇటివ్వు, చూస్తా."

"మీరు చూస్తే అర నిమిషంలో అయిపోతాది సార్. నేను చదువుతా."

నేను అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతాను. ఇప్పటికీ అంతే. కుడి, కాలి, చెప్పు. ఒక్కో మాట పూర్తయ్యేదాకా సారు ఆగాల్సి వచ్చింది, సగం మాట మీద ఎవరైనా ఏం చెప్పగలరు? గడియారం చూశాడు. పెన్ను మూత తీశాడు, పెట్టాడు. ఎక్స్‌రే కవరు కోసం బల్ల వెతికాడు, నా దగ్గర ఎక్స్‌రే లేదు. మూడు విజిళ్ల దగ్గరకు వచ్చేసరికి చూడటానికి ఆ గదిలో ఇంకేమీ మిగల్లేదు. అప్పుడు నా కాలు చూశాడు.

"ఆగు. లేచి మడమల మీద నడువు."

లేచాను. ఎడమ పాదం పైకి నిలిచింది. కుడి పాదం లేవలేదు. అడుగు వేసినప్పుడల్లా గచ్చు మీద టప్ టప్ అని కొట్టుకుంది. నాలుగు అడుగులకు ఆయన చాలన్నాడు. బల్ల మీద పడుకోబెట్టి, బొటనవేలును పైకి లేపమని దాని మీద తన వేలు పెట్టాడు. ఆయన వేలు తగలడం నాకు తెలియలేదు. నా వేలు లేవలేదని ఆయన మొహం చూసి తెలుసుకున్నాను.

"రెండు నెలలా?"

"రెండు నెలలు సార్."

"రెండు నెలలు నా తలుపు కాడనే ఉండావు గదా."

"ఉండా సార్."

 "నేనూ రోజూ నీ పక్క నుంచే పోతిని" అన్నాడు. అని స్కానింగు చీటీ రాయడం మొదలుపెట్టాడు.

"సార్, ఇంకా మూడు వరసలు ఉండాయి."

"స్కానింగు రాస్తాండా గదా."

"అవి ప్రశ్నలు సార్."

సారు పెన్ను పెట్టి వెనక్కి ఆనుకున్నాడు. బయట లైను పెరుగుతోంది. నాకు ఇరవై రెండేళ్లలో మొదటిసారి ఆ లైను గురించి బెంగ కలగలేదు. ఏ నరం అని అడిగాను. పాదం పైకి ఎత్తే నరం నొక్కుకుపోయి ఉండొచ్చు, స్కానింగులో తేలుతుందన్నాడు. ఆగితే ఏమవుతుందని అడిగాను. ఎంత ఆగితే ఆ పాదం తిరిగి లేవడం అంత అనుమానమన్నాడు. ఆపరేషన్ చేస్తే లేస్తుందా అని అడిగాను.

"మంట తగ్గొచ్చు. పాదం లేస్తాదని మాట ఇయ్యలేను."

"మరి ఎందుకు సార్ ఆపరేషను?"

"ఉండేదన్నా పోకుండా."

ఇది కాగితంలో లేదు గానీ, ఇంకొకటి అడిగాను. "మీరే చేస్తారా?"

"వెన్ను నేను చేయను. చేసే వాళ్లకు ఫోను చేస్తా, ఇప్పుడే." నా ముందే చేశాడు. ఆ ప్రశ్న అడగకపోతే చీటీ ఇచ్చి పంపేవాడని నేను అనుకోను. ఆ ఫోను మాత్రం సాయంత్రం చేసేవాడు.

నాగన్న బయటికి వచ్చాక, "నేను ఒగ మాట గూడా మాట్లాడలేదు, చూసినావా?" అన్నాడు.

"చూసినా. సారు ఏం చెప్పినాడో చెప్పు" అన్నాను. ఒక్క ముక్క పోకుండా చెప్పాడు. నాకు అందులో సగం గుర్తు లేదు.

గోరు

ఆ వారంలోనే ఆపరేషన్ జరిగింది. చేసిన డాక్టరు వయసులో చిన్నవాడు, మెల్లగా మాట్లాడే మనిషి. మెలకువ వచ్చాక కాలి మంట లేదు. అది పోయిందని నమ్మడానికి ఒక పూట పట్టింది. పాదం మాత్రం అట్లాగే పడి ఉంది. కదిలించమని మనసులో చెప్పేదాన్ని. పక్క మంచం మనిషికి చెప్పినట్టే ఉండేది. ఇంక ఇంతేనేమో, కర్ర పట్టుకుని ఆ తలుపు దగ్గర నిలబడనిస్తారో లేదో అని లెక్కలు వేసుకున్నాను. నాగన్న సంచీ పట్టుకుని కూర్చుని, ఏ డాక్టరు ఎప్పుడు ఏం చెప్పాడో నాకు ఒప్పజెప్పేవాడు.

నాలుగో రోజు రౌండుకు వచ్చిన డాక్టరు దుప్పటి తీసి, ఎప్పటిలాగే నా కుడి బొటనవేలును నొక్కాడు. ఎప్పటిలాగే అడిగాడు.

"తెలుస్తాందామ్మా?"

నేను వెంటనే చెప్పలేదు. ఆశపడి చెబుతున్నానేమో అనుకున్నాను. "ఇంగోసారి నొక్కండి సార్" అన్నాను. నొక్కాడు. కళ్లు మూసుకుని మళ్లీ నొక్కమన్నాను. మళ్లీ నొక్కాడు. ఆయన వెనక నిలబడిన సిస్టర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఏమ్మా, తెలుస్తాందా లేదా?"

"మీ గోరు పెరిగిండాది సార్. గుచ్చుకుంటాండాది."

నాగన్న సంచీ కింద పెట్టేశాడు. డాక్టరు తన వేలిని వెలుతురుకు పెట్టి చూసుకున్నాడు. నిజంగానే పెరిగి ఉంది.

మరుసటి రోజు గోరు కత్తిరించుకుని వచ్చాడు. అప్పుడు నొక్కినా తెలిసింది.